దామలచెరువు కనుమ నుంచి దుకాణం గల్లా దాకా: సేనాపతుల అనుభవాన్ని వ్యాపారంలో ఎలా వాడుకోవాలి

వ్యాపార నాయకత్వం గురించి జరిగే ఏ సభకు వెళ్లినా అలెగ్జాండర్, నెపోలియన్ పేర్లు తప్పకుండా వినిపిస్తాయి. ముందు నిలిచి నడిపించాలి, వెనకడుగు వేయకూడదు, సింహంలా గర్జించాలి అంటారు. చప్పట్లు కొట్టి, టీ తాగి ఇంటికి వస్తాం. మర్నాడు తిరుపతి గాంధీ రోడ్డులో షట్టరు ఎత్తేసరికి ఇద్దరు కుర్రాళ్లు పనికి రాలేదు, సరుకు లారీ రేణిగుంట దగ్గర ఆగిపోయింది, నిన్న వేసిన చెక్కు వెనక్కి వచ్చింది. ఈ మూడింటిలో ఒక్కదానికీ గర్జన పనికిరాదు.

అలాగని యుద్ధాల్లో మనకు పనికొచ్చేది లేదని కాదు. బోలెడంత ఉంది. దాన్ని వెతకవలసింది కత్తి దూసిన చోట కాదు; తిండిగింజల లెక్కల్లో, వేగులు తెచ్చిన కబుర్లలో, ఏటికి ఏ గట్టున విడిది చేశారన్న చిన్న నిర్ణయంలో. అందుకోసం గ్రీసు దాకా పోనక్కర లేదు. 1740 నుంచి 1782 వరకు ఆర్కాటు నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ, ఇంగ్లీషు కంపెనీ కలిసి మన చిత్తూరు చుట్టుపక్కలనే రణరంగం చేశారు. ఆ నలభై ఏళ్లను వ్యాపారి కళ్లతో ఎలా చదవాలో, చదివింది సోమవారం పొద్దున ఎలా అమలు చేయాలో ఇక్కడ చెబుతాను.

ముందుగా: ఏ యుద్ధాన్ని ఎంచుకోవాలి, ఎలా చదవాలి

గెలిచిన యుద్ధం కంటే ఓడిన యుద్ధాన్ని ఎంచుకోండి. గెలిచినవాడి కథలో అదృష్టం కూడా తెలివితేటల ఖాతాలో జమ అవుతుంది. ఓడినవాడి కథలో మాత్రం ఎక్కడ తేడా వచ్చిందో గెలిచినవాళ్లే శ్రద్ధగా రాసిపెడతారు. మీరు చూసిన ప్రాంతంలో జరిగినదైతే మరీ మంచిది. కొండ ఎక్కడుందో, వాన ఎప్పుడు పడుతుందో మీకు ముందే తెలుసు.

ఒక తెల్లకాగితం మీద ఆ చోటి పటం గీసుకోండి. సేనాపతికి ఏ కబురు ఎప్పుడు అందింది, సైన్యానికి ఎన్నాళ్ల తిండి ఉంది, ఆయన లేనప్పుడు నిర్ణయం ఎవరిది అని పక్కన రాసుకోండి. ఎవరు ఎంత శూరులన్న సంగతి వదిలేయండి. ఓడినవాళ్లలోనూ శూరులకు కొదవ ఉండదు.

మొదటి పని: వెనక దారి చూసుకోండి

పాకాల దగ్గరి దామలచెరువు ఇప్పుడు మామిడి మండీలకు పేరు. 1740 మే నెలలో మాత్రం అది ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ ప్రాణం పోయిన చోటు. రఘూజీ భోంస్లే నాయకత్వంలో మరాఠా గుర్రపు దళం కర్ణాటక సీమ మీదికి వస్తోందని తెలిసి, నవాబు కొద్దిపాటి సైన్యంతోనే వచ్చి ఈ కనుమకు అడ్డంగా కూర్చున్నాడు. ఆలోచనలో తప్పు లేదు. ఇరుకు దారిని తక్కువ మందితోనైనా ఆపవచ్చు. అయితే కొండల్లో దారి అదొక్కటే కాదు. మరో దారిలో కాపలా పెట్టిన అధికారిని మరాఠాలు తమ వైపు తిప్పుకుని, అటుగా కొండ దాటి నవాబు వీపు వైపు తేలారు. నవాబు, ఆయన కొడుకుల్లో ఒకడు అక్కడే చనిపోయారు.

మీ వ్యాపారంలో కనుమ ఏదో మీకు తెలుసు. రోజూ దాని మీదే కన్ను ఉంటుంది: ఎదురు దుకాణం ధర, కొత్తగా తెరిచిన హోటలు. ఇప్పుడు ఆ కాగితం తిప్పి రెండో వైపు, మీరు చూడని దారులు రాయండి. సరుకంతా ఒక్కరి దగ్గరే కొంటున్నారా? అమ్మకంలో సగం ఒక్క కొనుగోలుదారుడికే పోతోందా? ఖాతాదారులు మీ దుకాణానికి వస్తున్నారా, లేక మీ సేల్స్ కుర్రాడి మాటకు వస్తున్నారా? అద్దె ఒప్పందం గడువు ఎప్పటికి తీరుతుంది?

మామిడి రైతులకూ గుజ్జు ఫ్యాక్టరీలకూ దీని అర్థం 2025లో తెలిసివచ్చింది. అందరూ కాయ నాణ్యత మీద, తోటల మీద దృష్టి పెట్టారు. దెబ్బ మాత్రం గోదాముల్లో మిగిలిపోయిన పాత గుజ్జు నిల్వల వైపు నుంచి వచ్చింది. తోతాపురి ధర ఎంతగా పడిందంటే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, పైన 4 రూపాయలు తాను కలుపుతాననీ ప్రభుత్వమే రంగంలోకి దిగవలసి వచ్చింది. పక్క దారి అంటే ఇదే: మన సరుకు బాగానే ఉంటుంది, మన పనీ బాగానే ఉంటుంది.

రాసిన దారుల్లో ప్రతిదాని పక్కనా ఒక మనిషి పేరు ఉండాలి. ఆ మనిషిని మీరు చివరిసారి ఎప్పుడు పలకరించారో కూడా రాయండి. కాపలాదారుణ్ణి పెట్టి మరిచిపోతే ఏమవుతుందో దోస్త్ అలీకి తెలిసింది.

మంచి కబురు వచ్చినప్పుడు రెండుసార్లు అడగండి

ఆ యుద్ధంలో ఇంకో ముచ్చట ఉంది. నా లెక్కలో అసలు పాఠం అదే. ఆర్కాటు వైపు నుంచి గుర్రపు దళం వస్తోందని నవాబుకు కబురు అందింది. ఆయన అప్పటికే పెద్ద కొడుకు సఫ్దర్ అలీ సాయం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆర్కాటు వైపు నుంచి వస్తున్నారంటే ఇంకెవరు, మా అబ్బాయే అనుకున్నాడు. దగ్గరికి వచ్చాక చూస్తే మరాఠాలు.

ఆ పొరపాటు మూర్ఖత్వం వల్ల జరగలేదు, ఆశ వల్ల జరిగింది. ఏ కబురు కోసం కాచుకుని ఉంటామో, దాన్ని పరీక్షించాలని మనసుకు తోచదు. చెడు వార్త వస్తే నలుగురికి ఫోన్ చేసి కనుక్కుంటాం. పెద్ద ఆర్డరు వచ్చిందంటే మాత్రం వెంటనే కూలీలను పిలిపిస్తాం. కౌంటరు ముందు నిలబడి, డబ్బు పంపినట్టు ఫోనులో తెర చూపించి సరుకు పట్టుకుపోయే మోసం నడిచేదీ ఇలాగే. తెర మీద కనబడింది మనం చూడాలనుకున్నదే మరి.

కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఫలానా మొత్తం దాటిన శుభవార్త ఏదైనా రెండో మనిషి, రెండో మార్గంలో నిర్ధారించాకే సరుకు కదలాలి. ఆర్డరు ఫోనులో వస్తే కాగితం మీద సంతకం, అడ్వాన్సు బ్యాంకు ఖాతాలో పడినట్టు మీ గుమాస్తా చూసి చెప్పడం. మొత్తం ఎంత అన్నది మీ వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. పోతే కుదేలయ్యేంత మొత్తానికి చాలా కిందనే గీత గీయండి. ఈ పని మీకు అనుమానం ఎక్కువని పేరు తెస్తుంది. తెస్తే తేనివ్వండి.

ఏరు ఎండి ఉండగానే దాటండి

1780 ఆగస్టు చివర. హైదర్ అలీ పెద్ద సైన్యంతో కనుమలు దిగి మైదానంలోకి వచ్చేశాడు. గుంటూరు వైపు నుంచి వస్తున్న ఇంగ్లీషు కంపెనీ కర్నల్ బెయిలీ, కాంచీపురంలో జనరల్ హెక్టర్ మన్రోను కలుసుకోవాలి. దారిలో కొసస్తలైయార్ నది. మన నగరి వైపు నీళ్లు కూడా చివరికి అందులోకే చేరతాయి. బెయిలీ చేరేసరికి నది దాదాపు ఎండి ఉంది. సైన్యం అలసిపోయింది, రేపు దాటుదాంలే అని ఉత్తరపు గట్టున విడిది చేశాడు. రాత్రికి రాత్రి వరద వచ్చింది. వారం దాటినా దాటడానికి వీలు లేకపోయింది. ఆలోగా హైదర్ తన కొడుకు టిప్పును అడ్డంగా పంపాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర బెయిలీ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. కొన్ని మైళ్ల దూరంలోనే ఉన్న మన్రో ఫిరంగులను కాంచీపురం కోనేట్లో పడేసి మద్రాసు దారి పట్టాడు.

మన జిల్లాల్లో ఏడాది పొడవునా ఎండిపోయి కనిపించే ఏర్లు ఎలాంటివో చెప్పనక్కర లేదు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో తిరుపతి మరిచిపోలేదు. వ్యాపారంలోనూ ఇలాంటి ఏర్లు ఉంటాయి: లైసెన్సు పొడిగింపు, బ్యాంకు పరిమితి పెంచుకోవడం, భాగస్వామితో మాటగా ఉన్న ఒప్పందాన్ని కాగితం మీద పెట్టడం, సీజనుకు ముందు యంత్రం బాగుచేయించడం. ఇవాళ మోకాలి లోతు కూడా లేదు కాబట్టే వాయిదా వేయాలనిపిస్తుంది. ముఖ్యంగా బ్యాంకు సంగతి: మీకు డబ్బు అవసరం లేని నెలలో వెళ్లి అడిగితే మేనేజరు కుర్చీ చూపిస్తాడు. అవసరం పడ్డాక వెళితే కాగితాలు అడుగుతాడు.

సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇవాళ దాటగలిగి, రేపటికి వదిలింది ఏమైనా ఉందా? ఉంటే, అలసటగా ఉన్నా సరే, దాటి అవతలి గట్టున పడుకోండి.

వేచి ఉండడమే సరైన సందర్భాలూ ఉంటాయి, నిజమే. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే కదలాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు అప్పటి మన సైన్యాధిపతి జనరల్ మానెక్ షా కుదరదన్నారు. వానాకాలంలో అక్కడి నదులు సముద్రాల్లా ఉంటాయి, చలికాలమైతే ఉత్తరాన హిమాలయ కనుమలు మూసుకుపోతాయి. డిసెంబరులో యుద్ధం రెండు వారాల్లోపే ముగిసింది, పాకిస్తాన్ వైపు 93 వేల మంది లొంగిపోయారు. ఆ మధ్య నెలలన్నీ ఏర్పాట్లతో నిండాయి. ఊరికే కూర్చోవడానికీ దీనికీ తేడా తెలియాలంటే, వాయిదా వేసిన పని పక్కన ఈలోగా చేసే పనులు రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే మీది బెయిలీ విడిది.

గెలిచినా తిండి లేకపోతే

1781లో ఇంగ్లీషు సేనాపతి సర్ ఐర్ కూట్ హైదర్ మీద వరసగా గెలిచాడు. జులైలో పోర్టోనోవో, ఆగస్టులో పొల్లిలూరు దగ్గరే ఇంకోసారి, సెప్టెంబరు 27న షోలింగర్. ప్రతి గెలుపు తర్వాతా ఒకటే కథ: ఓడి పోతున్న శత్రువును తరమడానికి బండెడ్లు లేవు, బియ్యం లేవు. షోలింగర్ గెలిచాక కూడా గింజల కోసం మన పాళెగాళ్ల సీమల్లోకి రావలసి వచ్చింది. హైదర్ దగ్గర గుర్రాలు ఎక్కువ, ఊళ్లలో గింజలు ముందే ఊడ్చేయించాడు. ఓడిపోతూనే యుద్ధాన్ని ఏళ్ల తరబడి లాగగలిగాడు.

అమ్మకాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఆడని వ్యాపారి పరిస్థితి అచ్చం కూట్ పరిస్థితే. మామిడి గుజ్జు వ్యాపారం చూడండి. కాయకు, కూలికి, కరెంటుకు, డబ్బాలకు డబ్బంతా రెండు మూడు నెలల్లో బయటికి పోతుంది. సరుకు అమ్ముడై తిరిగి చేతికి వచ్చేది ఏడాది పొడవునా. కొత్తవాళ్లు మునిగేది ఈ మధ్య ఖాళీలోనే. హోటళ్లవాళ్లకు రోజూ నగదు కనబడుతుంది కాబట్టి ఇంకా ప్రమాదం. గల్లాలో ఉన్నదంతా లాభంలా మెరుస్తుంది. అందులో రేపటి కూరగాయలు, నెలాఖరు జీతాలు, 20వ తేదీ జీఎస్టీ కలిసి ఉన్నాయని గుర్తుండదు.

వచ్చే పదమూడు వారాలకు ఒక పట్టిక గీయండి. వారం వారం రావలసింది ఒక వరస, పోవలసింది ఒక వరస, మిగిలేది మూడో వరస. రావలసిన దాంట్లో, ఇచ్చిన మాట ప్రకారం వచ్చే తేదీ రాయకండి; ఆ మనిషి పోయినసారి నిజంగా ఎప్పుడిచ్చాడో ఆ తేదీ రాయండి. మూడో వరసలో ఏ వారం ఎర్ర అంకె వస్తుందో, దానికి రెండు నెలల ముందే మీకు తెలిసిపోతుంది. కొత్త శాఖ తెరవాలన్నా, పెద్ద ఆర్డరు ఒప్పుకోవాలన్నా ముందు ఈ పట్టికలో వేసి చూడండి. ఎర్ర అంకె పెరిగితే ఆ ఆర్డరు వద్దనడమే మేలు. ఎడ్లు లేకుండా తరిమితే దారిలో పడిపోయేది మనమే.

చెప్పడం వేరు, జరిగిందో లేదో చూడడం వేరు

దీని మీద ఎక్కువ చెప్పను. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున బ్రిటిష్ జనరల్ స్లిమ్ సైన్యాన్ని శత్రువు తూటాల కంటే మలేరియా ఎక్కువగా తినేసింది. రోజూ మాత్ర మింగాలని ఆజ్ఞ ఇచ్చి ఊరుకోలేదు. హఠాత్తుగా వెళ్లి మొత్తం దళానికి రక్తపరీక్షలు చేయించేవాడు. మాత్ర వేసుకున్నవాళ్లు నూటికి తొంభై అయిదుకు తగ్గితే ఆ దళాధిపతిని తీసేసేవాడు. ముగ్గుర్ని తీసేసరికి మిగిలినవాళ్లకు అర్థమైంది. మీ వంటింట్లో గిన్నెలు వేడినీళ్లతో కడగాలన్నది నియమమైతే, చెప్పకుండా వెళ్లి నీళ్లలో వేలు పెట్టి చూడండి. చల్లగా ఉంటే గిన్నెలు కడిగే అమ్మాయిని కాదు, వంటింటి బాధ్యత ఉన్నవాణ్ణి అడగండి.

మీరు లేని రోజుకు ఏర్పాటు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి కేటాయించండి. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ రాచపుండుతో కన్నుమూశాడు. చుట్టూ పెద్ద సైన్యం. వారసుడు టిప్పు ఎక్కడో మలబారు తీరాన ఉన్నాడు. సంగతి బయటపడితే సైన్యం చెల్లాచెదరవుతుంది, లేదా ఎవడో ఒకడు గద్దె ఎక్కుతాడు. పూర్ణయ్య, కృష్ణారావు వంటి అధికారులు ఏం చేశారంటే, శవాన్ని పెట్టెలో భద్రపరిచి ఖజానా పెట్టె పంపుతున్నట్టుగా కోలారుకు పంపేశారు. విడిదిలో మాత్రం ప్రభువు జబ్బుగా ఉన్నాడన్నట్టే రోజువారీ పనులన్నీ సాగించారు. రెండో కొడుకును గద్దె ఎక్కించాలని చూసిన కొందరిని పట్టుకుని సంకెళ్లు వేశారు. టిప్పుకు వేగంగా కబురు వెళ్లింది. కొన్ని వారాల్లో ఆయన వచ్చి సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నాడు, సిపాయిల జీతం బాకీలు చెల్లించాడు. మద్రాసులో కబురు తెలిసినా, అక్కడి జనరల్ స్టువర్ట్ ఆ అవకాశాన్ని వాడుకోలేదు.

హైదర్ గెలిచిన యుద్ధాలన్నిటికంటే ఈ కొన్ని వారాలే ఆయన గొప్ప నాయకుడని నాకు చెబుతాయి. బతికున్నప్పుడు అందరూ వింటారు. తాను లేకపోయినా జీతాలు, కాపలా, కబుర్లు ఆగకుండా నడిచే మనుషులను తయారు చేయడం వేరే విద్య.

ఇప్పుడు మీ సంగతి. రేపు పొద్దున మీకు ఛాతీలో నొప్పి వచ్చి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చేర్చారనుకోండి. ఫోను అత్యవసర విభాగం బయట మీ శ్రీమతి చేతి సంచిలో ఉంటుంది. జీఎస్టీ కట్టడానికి గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఓటీపీ ఆ సంచిలోని ఫోనుకే వస్తుంది. ఆవిడకు ఫోను తాళం తెలియదు. చెక్కు మీద సంతకం చేసేది మీరొక్కరే. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది మీ జేబులోని చిన్న పుస్తకంలో, మీకొక్కరికే అర్థమయ్యే పొడి అక్షరాల్లో ఉంది. గోదాము తాళాలు స్కూటర్ డిక్కీలో. అప్పిచ్చినవాళ్లు ఆ సాయంత్రమే వస్తారు, అప్పు తీసుకున్నవాళ్లు ఆ వైపే రారు.

ఈ వారంలో చేయవలసినవి: బ్యాంకు ఖాతాకు రెండో సంతకందారును చేర్చండి; భార్య కావచ్చు, తమ్ముడు కావచ్చు, భాగస్వామి కావచ్చు. పన్నుల ఖాతాకు అధీకృత వ్యక్తిగా మరొకరిని నమోదు చేయించండి. జేబు పుస్తకాన్ని మామూలు అక్షరాల్లో ఖాతా పుస్తకంలోకి ఎక్కించి, నెలకోసారి సరిచూసుకోండి. జీతాలు ఎవరు ఇవ్వాలి, కొనుగోలు ఎవరు చేయాలి, ఎంత మొత్తం దాకా సొంతంగా నిర్ణయించవచ్చు అన్నది ముగ్గురి ముందు నోటితో చెప్పి, కాగితం మీద పెట్టండి. వారసులు ఇద్దరుంటే ఈ మాట బతికుండగానే, ఇద్దరూ ఎదురుగా ఉండగానే చెప్పాలి. లేకపోతే మీ తర్వాత సంకెళ్లు వేసే పని కోర్టు చేస్తుంది, ఏళ్లు పడుతుంది.

తర్వాత పరీక్ష పెట్టండి. సీజను కాని రోజుల్లో ఊరు విడిచి వెళ్లండి, ఫోను కట్టేయండి. తిరిగి వచ్చాక ఏ పని ఆగిందో అడగండి, ఎవరు ఆపారో అడగకండి.

సేనాపతి నుంచి తీసుకోకూడనివి

మీ దగ్గర పనిచేసేవాళ్లు సిపాయిలు కాదు. రోడ్డు అవతలి దుకాణంలో వెయ్యి ఎక్కువ ఇస్తానంటే వెళ్లిపోయే హక్కు వాళ్లకుంది, దాన్ని ద్రోహం అనడానికి లేదు. పోటీ వ్యాపారి శత్రువూ కాడు. సీజన్ ముమ్మరంలో మీ క్రేట్లు అయిపోతే పక్క మండీ ఆయనే అరువిస్తాడు. ఆయన కూతురి పెళ్లికి మీరు వెళతారు. ఇక శవాన్ని దాచిన ఆ రహస్యం యుద్ధంలో చెల్లింది. వ్యాపారంలో బ్యాంకుకు, పనివాళ్లకు నిజం దాస్తే అది మోసమే. తీసుకోవలసింది ఏర్పాటును మాత్రమే.

సీజన్ అయ్యాక

అమెరికా సైన్యం 1980 దశకం నుంచి ప్రతి యుద్ధాభ్యాసం తర్వాతా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి పెట్టుకుంది: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, వచ్చేసారి ఏం చేద్దాం. మీరూ మామిడి సీజన్ ముగిసిన వారంలోనో, బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గాకనో కూర్చోండి. హోటలైతే మధ్యాహ్నం భోజనాలు అయ్యాక గంటసేపు చాలు. అందరికంటే చిన్నవాడు ముందు మాట్లాడాలి, యజమాని చివర. మీరు ముందు నోరు విప్పితే మిగిలినవాళ్లు మీ మాటకే తల ఊపుతారు.

తేలిన విషయాలు మూడు నాలుగుకు మించి రాసుకోకండి. ఒక్కొక్కదాని పక్కన మనిషి పేరు, తేదీ వేయండి. ఆ కాగితాన్ని బీరువాలో పెడితే మళ్లీ కనబడదు; వచ్చే సీజన్ కొనుగోళ్లు రాసే రోకడి పుస్తకం మొదటి పేజీకే అతికించేయండి.